షిఫ్టు మారే వేళకు తగ్గిపోయే పాట

గోదావరిఖనిలో మా బొగ్గు కంపెనీ కమ్యూనికేషన్ సెక్షన్‌లో చేరాను, అక్కడే రిటైరయ్యాను. మొదట టెలిఫోన్లు, తర్వాత వైర్‌లెస్ సెట్లు, ఆ తర్వాత కంప్యూటర్లు. కుర్చీ మారలేదు గానీ కుర్చీ ముందున్న యంత్రం మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్ళు మా ఇంటికి వచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతి వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. ఫైళ్ళ సంగతి నెల తిరిగేసరికి ఆ ఫైళ్ళే నేర్పుతాయి. అందుకని ఎవరూ పెద్దగా లెక్కచేయని ఒక పని గురించి రాస్తున్నాను. కంప్యూటర్‌లో పెట్టిన పాటను హాల్లో వినిపించే పని.

బొగ్గు కంపెనీకి పాటతో ఏం పనని నవ్వకండి. రక్షణ వారోత్సవాలు, పదవీ విరమణ సభలు, కార్మికుల కళా పోటీలు, పిల్లల బహుమతి ప్రదానాలు. ఏడాది పొడుగునా ఏదో ఒక వేదిక మీద ఏదో ఒకటి మోగాల్సిందే. ఒక ఫోను పనిచేయకపోతే ఆ ఫోను దగ్గరున్న మనిషికే తెలుస్తుంది. హాల్లో పాట ఆగితే కాలనీ మొత్తం మీవైపు తిరిగి చూస్తుంది.

సౌండు ఎటు పోతోంది?

కంప్యూటర్ పాడలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. నూటికి తొంభై సార్లు అది పాడుతూనే ఉంటుంది, మీరున్న వైపు మాత్రం పాడదు.

మా శిక్షణ కేంద్రంలో గోడకు కొత్తగా పెద్ద టీవీ బిగించారు. ఆ రోజు నుంచి స్పీకర్లు మూగబోయాయి. వైర్లు మార్చారు, స్పీకర్లు మార్చారు. జరిగిందల్లా ఇంతే: టీవీ తగిలించగానే కంప్యూటర్ సౌండును కూడా దానికే పంపడం మొదలుపెట్టింది. ఆ టీవీ సౌండేమో పూర్తిగా తగ్గించి ఉంది. తెర మూలనున్న స్పీకర్ బొమ్మ మీద నొక్కితే సౌండు ఏ పరికరానికి పోతోందో పేరు కనబడుతుంది. స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఆ పేరు చదవండి.

రెండో రకం చిక్కు ఇంకాస్త సరదాగా ఉంటుంది. ఒకే స్పీకర్ కోసం రెండు ప్రోగ్రాములు పోటీపడటం. ఒక పెద్దాయన పదవీ విరమణ సభలో, కంప్యూటర్ ఎందుకని, ఆయన అల్లుడి ఫోనునే బ్లూటూత్ స్పీకర్‌కు కలిపారు. సన్నాయి మోగుతోంది. శాలువా కప్పబోతుండగా సన్నాయి ఆగి, అల్లుడికి వచ్చిన కాల్ స్పీకర్‌లోనే కలిసి, హాలు నిండా ఒక ఆడగొంతు వినబడింది. "ఏడున్నవయ్యా? కోడికూర సల్లారిపోతంది. జల్ది రా!" శాలువా పట్టుకున్న అధికారి అల్లుడి వైపు తిరిగి, "ముందు పోండి సార్, అది ముఖ్యం" అన్నాడు. అందరూ నవ్వారు. ఫోను చేసిన తప్పేమీ లేదు. పాట కన్నా మాట ముఖ్యమని దానికి నేర్పారు, అది పాటించింది. కంప్యూటర్లకు కూడా అదే నేర్పారన్న సంగతి నాకు స్వరూప టీము వల్ల తెలిసింది.

స్వరూప టీము

స్వరూప ఒక ఇంక్లైన్ గని మీద ల్యాంప్ రూంలో పనిచేసేది. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే గది అది. భర్త ఆరోగ్యం పాడై డ్యూటీ చేయలేకపోతే ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది. తనలాగే చేరిన ఆడవాళ్ళను క్యాంటీన్ నుంచి, వర్క్‌షాపు నుంచి పోగుచేసి కోలాటం టీము కట్టింది. పాట తనే రాసింది. గనిలో పనిచేసే ఆడవాళ్ళ మీద, జాగ్రత్తల మీద. అంత వేగంగా ఆడుతూ పాడితే ఊపిరి అందదు కాబట్టి, అందరూ కలిసి మంచిర్యాలలో పాట రికార్డు చేయించుకున్నారు.

ఏరియా ఆఫీసు పక్కనున్న పెద్ద హాల్లో పోటీ. గెలిచిన టీము కంపెనీ స్థాయి పోటీకి పోతుంది. ఒక ఏడు స్వరూప వాళ్ళు ఆడుతుండగా పాట మధ్యలో తగ్గిపోయింది. అడుగులు తప్పాయి, కర్రలు కలవలేదు, దిగి వచ్చేశారు. మరుసటి ఏడు కూడా అదే. ఆడవాళ్ళకు ప్రాక్టీసు కోసం షిఫ్టులు మార్చి ఇస్తున్నారని గని మీద అప్పటికే కొందరు గొణుగుతున్నారు. గని మేనేజర్ గారు స్వరూపను పిలిచి చెప్పేశారు.

"చూడమ్మా, రెండేళ్ళు చూశాను. ఈసారి కూడా మధ్యలో దిగి వస్తే ఇక షిఫ్టులు మార్చి ఇవ్వలేను. టీము ఉండదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో నేనున్నా ఏదో ఒకనాటికి ఆ మాటే అనేవాణ్ణేమో. ఆ మాట పట్టుకునే స్వరూప మా సెక్షన్‌కు వచ్చింది.

ఇండెంటు రాసే ఇంజనీరు

మా ఇంజనీరు వేణుగోపాల్ గారు పనిమంతుడు. గుట్ట మీద వైర్‌లెస్ టవర్ నిలబెట్టాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. కాకపోతే కంప్లైంట్ వినగానే ఆయన చెయ్యి కొత్త సామాను కోరే ఇండెంటు ఫారం మీదికి పోయేది. మొదటి ఏడు పాట తగ్గినప్పుడు కొత్త ఆంప్లిఫైయర్ తెప్పించారు. రెండో ఏడు కూడా తగ్గితే కొత్త మిక్సర్ తెప్పిద్దామన్నారు. ఇలాంటి బాసులు మీకూ వస్తారు. వాళ్ళతో వాదించకండి. కొత్త వస్తువు వచ్చేలోపు పాతదాన్ని పరీక్షించడానికి అనుమతి అడగండి, సంతోషంగా ఇస్తారు.

హాలు పక్క గదిలో ఉండే ఆపరేటర్ మల్లేశం దగ్గర వేరే సిద్ధాంతం ఉంది. స్వరూప ఉండగానే నా ముందు బయటపెట్టాడు.

"దేవదానమన్నా, గిండ్ల మిషన్ది ఏం తప్పు లేదు. వీళ్ళు బ్లాస్టింగ్ అయినట్టు దుంకుతరు. స్టేజి కిందికెళ్ళి పోయిన వైర్లు ఊడక ఏం చేస్తయి?"

"మేము దుంకితే ఊడుతదా అన్నా?" అంది స్వరూప. "మరి ఊడిన వైరు జరసేపైనంక మల్ల దానంతట అదే పెట్టుకుంటదా?"

మల్లేశం ముక్కు గోక్కున్నాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"అంటే పాట మళ్ళీ వస్తుందా?"

"వస్తది సార్. అసలు బంద్ అయితెనే కద! ఎవలో గొంతు మీద చెయ్యేసినట్టు లోపలికి పోతది. కింద కూసున్నోళ్ళకు వినబడది, మాకు సన్నగ వినబడుతనే ఉంటది. మేము ఆగినంక, గప్పుడు మల్ల బయటికస్తది. మమ్ముల ఎక్కిరిచ్చినట్టు."

ఈ మాటలు ఆ రోజు డైరీలో ఉన్నవున్నట్టు రాసుకున్నాను. కంప్లైంటును ఎప్పుడూ చెప్పినవాళ్ళ మాటల్లోనే రాసుకోండి. 'సౌండ్ ఫెయిల్యూర్' అని రాసుకుంటే ఇక్కడ పనికొచ్చేదంతా పోయేది. వైరు వదులైతే గరగరమంటుంది, తెగితే పూర్తిగా ఆగుతుంది. అలా కాకుండా సాఫీగా తగ్గి, సాఫీగా పెరుగుతోందంటే ఎవరో తగ్గిస్తున్నారు, ఎవరో పెంచుతున్నారు. చెయ్యి కనబడటం లేదు, అంతే.

పొద్దున పరీక్ష

మరునాడు పొద్దున్నే హాలు తెరిపించాను. ముందు నా ఫోనును వైరుతో ఆంప్లిఫైయర్‌కు కలిపి, కాల్స్ రాకుండా చేసి, పాట మళ్ళీ మళ్ళీ పెట్టాను. ఎక్కడా తగ్గలేదు. అంటే ఆంప్లిఫైయర్, స్పీకర్లు, స్టేజి కింద వైర్లు నిర్దోషులు. తర్వాత కంప్యూటర్ నుంచి పెట్టాను. సౌండు సరైన పరికరానికే పోతోంది. పాట గట్టిగా, శుభ్రంగా వచ్చింది. భోజనం వేళ దాకా వింటూనే ఉన్నాను. ఆ పాట నాకే కంఠతా వచ్చేసింది.

స్వరూపకు ఫోన్ చేసి బాగానే ఉందని చెప్పాను.

"పొద్దుగాల బాగనే ఉంటది సార్. పొద్దుగాల పోటీ పెట్టరు కద!"

ఆమె అన్నది నిజం. పరీక్ష చేయాల్సింది మనకు వీలైన వేళ కాదు, చిక్కు వచ్చే వేళ. గనిలో నీళ్ళు ఊరే చోటును ఎండాకాలంలో చూసి పొడిగా ఉందని రాయడం ఎంత తెలివో, నేను చేసిన పరీక్ష అంత తెలివి.

మళ్ళీ పోయాను. ఈసారి మధ్యాహ్నం కూర్చుని పాట పెట్టి, తెర మీద సౌండ్ మిక్సర్ తెరిచి ఉంచాను. ఏ ప్రోగ్రామ్ సౌండు వాడుకుంటోందో అందులో వరసగా కనబడుతుంది. అప్పటికి ఒక్కటే ఉంది, పాట ప్రోగ్రామ్. షిఫ్టు సైరన్ మోగింది. మొదటి షిఫ్టు ఆపరేటర్ లేచి, మల్లేశం వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పాట ఎవరో గొంతు మీద చెయ్యేసినట్టు లోపలికి పోయింది. అచ్చం స్వరూప చెప్పినట్టే.

మిక్సర్‌లో పాట పక్కన ఇంకో పేరు చేరింది. వీడియో మీటింగుల ప్రోగ్రామ్.

నడుస్తున్నదాన్ని ముట్టొద్దు

ఆ హాల్లో కార్యక్రమాలకూ, ప్రధాన కార్యాలయంతో జరిగే వీడియో మీటింగులకూ కంప్యూటర్ ఒక్కటే. మీటింగ్ ప్రోగ్రామ్‌ను ఎవరూ మూసేవారు కాదు. కిందికి తగ్గించి వదిలేసేవారు. అవతలి నుంచి కాల్ వస్తే దానంతటదే అందుకునేలా పెట్టి ఉంది. ప్రధాన కార్యాలయం వాళ్ళు షిఫ్టు మారగానే ఒక్కో ఏరియాకు లైను కలిపి, సరిగా ఉందో లేదో చూసి కట్ చేస్తారు. వాళ్ళ మైకు మూసి ఉంటుంది కాబట్టి ఎవరి మాటా వినబడదు. కానీ మాట్లాడే ప్రోగ్రామ్ లేచిందనగానే కంప్యూటర్ మిగతా సౌండ్లన్నీ తనకు తానే బాగా తగ్గించేస్తుంది. కాల్ ముగియగానే మళ్ళీ పెంచుతుంది. దాని దృష్టిలో అది మర్యాద.

మల్లేశాన్ని అడిగాను. "ఇది ఎందుకు మూయరు?"

"అది మొదటి షిఫ్టోడు నడిపిచ్చి పోయిండు. నడిచేదాన్ని నేనెట్ల ముట్టుకుంట అన్నా?"

ఈ జవాబు విని బయటివాళ్ళు నవ్వుతారు. నేను నవ్వలేదు. మల్లేశం పదేళ్ళు గని లోపల పంపు మీద పనిచేసి వచ్చినవాడు. వెళ్ళే షిఫ్టు నడుస్తున్న పంపును నడుస్తున్నట్టే అప్పగించాలి. వచ్చే షిఫ్టు తనకు చెప్పనిదే ఆపకూడదు. శబ్దం ఇబ్బందిగా ఉందని ఒకడు ఆపితే, కింద పనిచేసేవాళ్ళ మోకాళ్ళ దాకా నీళ్ళు వస్తాయి. ఆ నియమం మనుషుల్ని బతికించింది. అది మల్లేశంతో పాటు పైకి వచ్చి, ఈ ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. మూడు షిఫ్టుల వాళ్ళూ గని నుంచి వచ్చినవాళ్ళే. ఒకరు తెరిచింది ఇంకొకరు మూయరు. అలా ఒక మీటింగ్ ప్రోగ్రామ్ ఎన్నాళ్ళుగానో చేతులు మారుతూ నడుస్తూనే ఉంది.

వేణుగోపాల్ గారికి చూపించాను. ఆయన వెంటనే పట్టేశారు. "సింపుల్. కార్యక్రమం ఉన్న రోజు ప్రోగ్రామ్ మూసేయాలని ఆర్డర్ వేద్దాం" అన్నారు.

"వద్దు సార్" అన్నాను. "ఏ గనిలోనైనా ఏదైనా జరిగి హెడ్డాఫీసు వాళ్ళు లైను కలిపితే ఇక్కడ ఎవరో ఒకరు అందుకోవాలి. మల్లేశం పట్టుకున్న నియమం మంచిది. దాన్ని చెడగొట్టకుండా దారులు వేరు చేద్దాం."

ఆయన ఇండెంటు ఫారం పక్కన పెట్టారు. "కానివ్వండి. దీనికి ఏం తెప్పించాలి?"

"ఒక హెడ్‌ఫోన్. బీరువాలో ఉంది."

చేసింది ఇంతే. సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ అని ఒక పేజీ ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు మిగతా సౌండ్లు ఎంత తగ్గించాలని అక్కడ అడుగుతుంది. ఏమీ చేయవద్దని పెట్టాను. మీటింగ్ ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి పోయి, దాని సౌండును యూఎస్‌బీ హెడ్‌ఫోన్‌కు మళ్ళించాను. పాట ఆంప్లిఫైయర్‌కు, మాట మల్లేశం చెవికి. ఇంకొకటి కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. ఆంప్లిఫైయర్‌కు పోయే పరికరం సెట్టింగుల్లో, ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని తనొక్కదానికే సొంతం చేసుకోవచ్చనే టిక్కు ఒకటి ఉంటుంది. అది కూడా తీసేశాను. ఆ టిక్కు ఉంటే ఒక్కోసారి తగ్గడం కాదు, రెండో ప్రోగ్రామ్‌కు అసలు నోరే రాదు.

వరసగా కొన్ని రోజులు షిఫ్టు మారే వేళకు పోయి కూర్చున్నాను. కాల్ వచ్చింది, పోయింది. పాట కదల్లేదు. అయినా ఖాళీ హాల్లో పనిచేసింది నిండిన హాల్లో కూడా పనిచేస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

పోటీ రోజు

హాలు కిక్కిరిసింది. మేనేజర్ గారు ముందు వరసలో ఉన్నారు. నేను పక్క గదిలో అద్దం వెనక, కంప్యూటర్ ముందు. ఆ రోజు డ్యూటీకి ముందే వచ్చిన మల్లేశం చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నా పక్కన.

స్వరూప వాళ్ళ వంతు వచ్చేసరికి రెండో షిఫ్టు సైరన్ మోగింది. వేణుగోపాల్ గారు గబగబా గదిలోకి వచ్చారు. "దేవదానం గారూ, వీళ్ళ వంతు సరిగ్గా ఇప్పుడే పడింది. ఇంకో టీమును ముందు పంపుదామా?"

తలుపు దగ్గర కర్రలు పట్టుకుని నిలబడ్డ స్వరూప ఆ మాట విన్నది.

"వద్దు సార్. గిప్పుడే ఎక్కుతం. తప్పిచ్చుకొని ఆడితె గెలిచినా గెలిచినట్టు గాదు."

ఎక్కారు. పాట పెట్టాను. కర్రలు కలిశాయి. మొదటి చరణం అయింది, రెండోది మొదలైంది. తెర కింద మీటింగ్ ప్రోగ్రామ్ వెలిగింది. కాల్ కలిసింది. పాట తగ్గే వేళ అదేనని తెలిసిన స్వరూప అడుగు స్టేజి మీద ఒక్క క్షణం బిగుసుకుంది. అది నాకు అద్దంలోంచి కనబడింది. పాట ఎప్పుడు లోపలికి పోతుందా అని రెండేళ్ళుగా ఎదురుచూసిన కాళ్ళు అవి.

పాట పోలేదు. హాలు గోడలు అదిరేలా మోగుతూనే ఉంది. ఆమె తల ఎత్తింది. ఇక ఆ తర్వాత వాళ్ళు ఆడిన ఆట ప్రాక్టీసులో కూడా ఎవరూ చూడలేదు. వేగం పెరిగింది, వలయం విచ్చుకుంది, మూసుకుంది. వెనక వరసల్లో జనం కుర్చీల మీదికెక్కారు.

నా పక్కన మల్లేశం కాల్‌లో ఉన్నాడు. మా మైకులోంచి అవతలికి కూడా పాట పోతున్నట్టుంది. అవతలివాడు మైకు తెరిచి ఏదో అడిగాడు. మల్లేశం గట్టిగా జవాబిచ్చాడు.

"లైను క్లియరే సార్! లొల్లా? ఏం లేదు సార్, మా ఆడోళ్ళు గెలుస్తున్నరు!"

ఫలితం ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పినప్పుడు వాళ్ళూ అదే చెప్పారు.

మేనేజర్ గారు స్టేజి మీదికి వచ్చి షీల్డ్ ఇచ్చి, మైకు పక్కకు జరిపి స్వరూపతో అన్న మాట దగ్గరున్నవాళ్ళందరం విన్నాం. "ఇకనుంచి ప్రాక్టీసుకు నన్ను అడగకమ్మా. ఎప్పుడు కావాలో చెప్పు చాలు."

బస్సులో

కంపెనీ స్థాయి పోటీకి నన్ను కూడా రమ్మన్నారు. అక్కడి కంప్యూటర్ దగ్గర వాళ్ళ మనిషి ఉంటాడు, నాకేం పని ఉంటుందని అడిగాను. "పనికి గాదు సార్, మా టీముల మనిషని పిలుస్తున్నం" అంది స్వరూప. పోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా కుర్చీలో కూర్చుని చూడటం అదే మొదటిసారి. చేతులు ఊరుకోక చప్పట్లు కొట్టాను. అక్కడ కూడా మావాళ్ళే గెలిచారు.

తిరుగు ప్రయాణంలో డ్రైవర్ సంతోషం పట్టలేక సినిమా పాటలు పెట్టాడు. కాసేపు ఓర్చుకుని స్వరూప ముందుకు నడిచింది.

"డ్రైవరన్నా, నీ పాట బంద్ చెయ్యి. ఇగ మేం పాడుతం."

అతను ఆపాడు. వాళ్ళు అందుకున్నారు. ఆడుతూ పాడితే ఊపిరి అందని పాటను, హాయిగా కూర్చుని, గొంతెత్తి పాడారు. గోదావరిఖని చౌరస్తాకు వచ్చేసరికి డ్యూటీ బస్సు కోసం రెండో షిఫ్టువాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ గొంతులు విని అందరూ ఒక్కసారిగా తిరిగి చూశారు. స్వరూప షీల్డును కిటికీలోంచి బయటికి పెట్టి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. చౌరస్తా దాటేదాకా దించలేదు.